గవర్నర్లకు మలీదా

జాబ్రియా,
కువైట్, ఆగస్టు ఆఖరి వారం, 1990.

తమ్ముడు అబ్దుల్ బాసిత్‌కు మీ ఆపా షహర్‌బాను సలాం చెప్పి రాసేది,

బతికే ఉన్నాను. ఆ మాట ముందే రాయకపోతే నువ్వు మిగతాది చదవకుండా కాగితం అటూ ఇటూ తిప్పుతావని తెలుసు.

ఈ ఉత్తరం తెచ్చినవాడు చిన్నరాజం. జగిత్యాల వైపు మనిషి, ఇక్కడి రొట్టెల బేకరీలో బండి నడుపుతాడు. ఇరాక్ సైనికులకూ రొట్టె కావాలి కదా, అందుకని అతని బండిని ఎవరూ ఎక్కువసేపు ఆపరు. వారానికోసారి మీ అహ్మదికి కూడా వస్తాడట. "నువ్వు ఏం రాసుకున్నా మంచిదే అక్కా, నాకు సదువు రాదు, ఎవ్వలకు చెప్ప" అన్నాడు. ఫోను మాత్రం చెయ్యకు. ఎవరైనా వింటారేమోనని మా యజమానురాలు మామా తీగ పీకేసింది.

నువ్వు కబురు పంపిన సంగతి. మనవాళ్ళందరినీ బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేర్చి, అక్కడి నుంచి విమానాల్లో బొంబాయికి పంపుతున్నారని విన్నాను. మంచిదే. నువ్వు పో. నేను ఇప్పుడే రాలేను. మామా భర్త వేసవికి పిల్లలతో కైరో పోయి అక్కడే చిక్కుకున్నాడు. మంచం పట్టిన మామా నాన్న రంజాన్ వెళ్ళాక పోయాడు కదా, ఆయన చక్రాల కుర్చీ ఇంకా హాల్లోనే ఉంది. ఇంత పెద్ద ఇంట్లో ఆమెను ఒక్కదాన్ని ఎట్లా వదిలేది? పైగా ఇంటికి ఒక ముసలాయన చుట్టంగా వచ్చాడు. షుగరు మనిషి. ఆయన తిండి నేనే చూడాలి.

కోపం తెచ్చుకోకుండా జవాబు రాయి. ఎండలో తలకు గుడ్డ కట్టుకో.

మీ ఆపా

*

అహ్మది,
సెప్టెంబర్ మొదట్లో.

ఆపాకు, కోపంగానే సలాం,

చిన్నరాజం ఇచ్చిన ఉత్తరం చదివాను. చదివాక ఆ రోజు అన్నం తినలేదు. ఇది నీకు చెప్పాలనే రాస్తున్నాను, బాధపడు.

నా సంగతి విను. నేను నడిపే కంపెనీ బస్సు ఇప్పుడు ఇరాక్‌వాళ్ళది. నన్ను కూడా బస్సుతోపాటే పట్టుకున్నారు. పక్కన ఒక సార్జెంటు కూర్చుంటాడు, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి సైనికుల బియ్యం, పప్పు మోస్తాను. అయినా మా సూపర్‌వైజర్ మంచివాడు, మనవాళ్ళ బస్సుల్లో సీటు దొరికితే నన్ను వదిలేయమని వాళ్ళతో మాట్లాడాడు. నీ పేరు, నా పేరు కలిపి రాయించాను.

మామా నీకు తల్లి కాదు ఆపా. ఆమెకు ఆమె వాళ్ళున్నారు. అమ్మీ, అబ్బా పోయాక నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? నన్ను పెంచింది నువ్వే, వీసా తీసి ఇక్కడికి రప్పించిందీ నువ్వే. ఇప్పుడు నువ్వు పో, నేను రాను అంటే ఎట్లా? షుగరు ముసలాయనకు రొట్టె కాల్చి ఇవ్వడానికి ఇంకెవరూ దొరకరా? అసలు ఆయన ఎవరు, ఏ వైపు చుట్టం? నీ ఉత్తరంలో ఆయన గురించి రాసిన ముక్క నాకు నచ్చలేదు. నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు పొట్టి పొట్టి వాక్యాలు రాస్తావు.

బాసిత్

*

జాబ్రియా,
సెప్టెంబర్.

బాసిత్‌కు,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. సరే, పొడుగు వాక్యాలే రాస్తాను. చదివిన వెంటనే పొయ్యిలో వెయ్యి.

ఆ ముసలాయన అమెరికావాడు. పేరు ఎల్వుడ్. మామా పిల్లలకు బడిలో చరిత్ర చెప్పిన మాస్టారు. భార్య పోయింది, ఇక్కడే ఉండిపోయాడు. అమెరికావాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు అందరూ హోటళ్ళకు వచ్చి లొంగిపోవాలని రేడియోలో చెప్పిన రోజు మామా, నేనూ కారులో పోయి, ఆయనకు నల్ల అబాయా కప్పి, మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తెచ్చాం. అంత పొడుగు ఆడమనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అలా పట్టుకుపోయినవాళ్ళను ఫ్యాక్టరీల దగ్గర, ఫిరంగుల దగ్గర అడ్డుగా కట్టేస్తున్నారట, పైనుంచి బాంబులు వేస్తే ముందు వాళ్ళే పోయేటట్టు. ఈ వయసులో, ఈ షుగరుతో ఆయన అక్కడ ఎన్నాళ్ళుంటాడు?

ఇప్పుడు నా తెలివి సంగతి చెప్తాను, నవ్వుకో. తెల్లవారుజామున ఫజర్ నమాజ్ చేసి లేచేసరికి ఆయన గదిలోంచి గొణుగుడు వినిపించేది. ఒక పేరు, ఒక ఊపిరి, ఇంకో పేరు. రోజూ అదే వరస. మన అబ్బా నమాజ్ అయ్యాక షజరా చదివేవాడు కదా. పీర్ల పేర్లు, గురువు తర్వాత గురువు, వరస తప్పకుండా చెప్పి, ఈ పెద్దల పుణ్యాన ఈ దీనుడి మీద దయ చూపమని చివర తన పేరు చేర్చుకునేవాడు. వీళ్ళకూ పీర్లుంటారు కాబోలు అనుకున్నాను. ఇంత కష్టంలోనూ పెద్దల పేర్లు మానని మనిషి అని ఆయన మీద ఎంతో గౌరవం కలిగింది.

గురువారం సాయంత్రం చిన్నరాజం ఇచ్చిన రొట్టె తుంచి, ఖర్జూర పాకం పోసి, అడుగున ఉన్న నెయ్యి గీకి వేసి మలీదా కలిపాను. ఊదొత్తి వెలిగించి ఆయన పెద్దల పేరు మీద ఫాతెహా చదివాను. గిన్నె తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయనకూ నాకూ మాట వంటింటి అరబ్బీలోనే. ఎవరు పోయారని అడిగాడు. మీ పీర్లకు, రోజూ తలుచుకుంటారు కదా అన్నాను. కాసేపటికి అర్థమైంది ఆయనకు. అప్పుడు మొదలుపెట్టాడు నవ్వడం. ఆపలేకపోయాడు. వీధిలోకి వినిపిస్తుందని మామా పరుగెత్తుకొచ్చి ఆయన నోటికి దిండు అడ్డం పెట్టింది.

వాళ్ళు పీర్లు కారు బాసిత్. గవర్నర్లు. ఆయన రాష్ట్రం పేరు జార్జియా. ఇంగ్లీషు రాజు పంపినవాళ్ళ దగ్గర నుంచి ఈనాటి వాడి దాకా దాన్ని ఏలిన గవర్నర్లందరి పేర్లు వరసగా చెప్తాడు. భయం వేసినప్పుడు ఆ వరస తప్పకపోతే బుర్ర సరిగ్గా ఉన్నట్టేనట. భార్య ఉన్నప్పుడు ఆమె తప్పులు పట్టేదట.

నేను ఏమీ తెలియనట్టు ఊరుకోలేదు, ఒక్కొక్కరి గురించీ అడిగాను. ఊరు కట్టించిన మొదటాయన, ఇక్కడ బానిసలు వద్దు అన్నాడట. ఆయన ఇంటికి పోయిన కొన్నాళ్ళకే జనం ఆ మాట కొట్టేయించుకున్నారు, తర్వాత వచ్చిన గవర్నర్లలో చాలామంది మనుషుల్ని కొని పొలాల్లో పెట్టుకున్నవాళ్ళే. ఎల్లిస్ అని ఒకాయనకు ఎండ పడేది కాదు. గొడుగుకు థర్మామీటరు వేలాడదీసుకుని, ముక్కు దగ్గర అది చూసుకుంటూ వీధుల్లో తిరిగేవాడట. ఆయన్ని ఒక్క ఆగస్టు నెల జాబ్రియాలో వదలాలి. రైట్ అని ఇంకొకాయన్ని జనమే తిరగబడి ఆయన ఇంట్లోనే కాపలా పెట్టి ఉంచితే, కళ్ళు గప్పి ఓడెక్కి తప్పించుకున్నాడు. మాస్టారుకు ఆయన కథ బాగా ఇష్టం, ఎందుకో నీకు చెప్పనక్కర్లేదు.

చెడ్డవాళ్ళ పేర్లు కూడా ఎందుకు చెప్తారు అని అడిగాను. మంచివాళ్ళనే చెప్తే అది పొగడ్త అవుతుంది గానీ చరిత్ర కాదు అన్నాడు. మా షజరాలో చివర చదివేవాడి పేరు ఉంటుంది, మీ పేరు ఎక్కడ అన్నాను. "ఈ వరసలో మనలాంటివాళ్ళకు చోటు లేదు షహర్‌బానూ" అన్నాడు.

ఇదీ సంగతి. నేను వస్తే ఆయన్ని చూసే దిక్కు లేదు. మామా ఒక్కతే చెయ్యలేదు, కాలింగ్‌బెల్ మోగితేనే వణికిపోతుంది.

ఆపా

*

అహ్మది,
అక్టోబర్ మొదట్లో.

ఆపాకు,

చిన్నరాజం ఎదురుగానే చింపి పొయ్యిలో వేశాను.

నీకు తెలుసో తెలియదో. అలాంటివాళ్ళను దాచినవాళ్ళను ఉరితీస్తారు. నా పక్కన కూర్చునే సార్జెంటే ఆ ఆర్డరు బస్సులో అందరికీ చదివి వినిపించాడు. మగా ఆడా తేడా లేదు, ఇంటివాళ్ళు పనివాళ్ళు తేడా లేదు. గవర్నర్ల పేర్లు అప్పజెప్పే మాస్టారు కోసం నువ్వు ఉరి ఎక్కుతావా? ఆయన మంచివాడే కావచ్చు. నేను కాదనను. కానీ నాకు ఆయన ఎవరు ఆపా? నువ్వంటే నాకు అమ్మ.

శుక్రవారం బస్సులు కదులుతాయి. ఇవే చివరివి అంటున్నారు. మనవాళ్ళందరూ చేరే బడి నీకు తెలుసు, చిన్నరాజం పొద్దున రొట్టె దించి నిన్ను అక్కడ దింపుతానన్నాడు. నేను నా పెట్టె మీద కూర్చుని నీకోసం చూస్తుంటాను. నీ కాళ్ళు పట్టుకుంటాను, రా.

మనకూ కొత్త గవర్నర్ వచ్చాడట, విన్నావా? కువైట్ ఇప్పుడు దేశం కాదట, వాళ్ళ దేశంలో ఒక జిల్లా అట. బండ్లన్నిటికీ నంబరు పలకలు మార్చమన్నారు. మీ మాస్టారుకు కొత్త వరస మొదలుపెట్టుకోమని చెప్పు.

ఆ థర్మామీటరు గవర్నర్ చివరికి ఏమయ్యాడు? ఊరికే అడిగాను.

బాసిత్

*

జాబ్రియా,
అక్టోబర్.

బాసిత్‌కు,

శుక్రవారం నేను రాలేదు. నీ కోపం నాకు తెలుసు. ఇది మొత్తం చదివి అప్పుడు తిట్టు.

నిజం రాస్తున్నాను, ఆ రోజు సంచి సర్దుకున్నాను. నీ ఉత్తరం చదివాక మనసు ఆగలేదు. మామా నా పాస్‌పోర్టు తెచ్చి చేతిలో పెట్టి, పో బిడ్డా అంది. బియ్యం పంచుతున్నారంటే సహకార దుకాణానికి తను వెళ్ళిపోయింది, నేను పోతుంటే చూడలేక. మాస్టారుకు చెప్పి వస్తానని నేను లోపలికి పోయాను. అప్పుడే వీధి గేటు బాదారు.

ఇల్లిల్లూ వెతుకుతున్నారు. పారిపోయే దారి లేదు. మన పక్కింటి పిల్ల నిఖా రోజు షామియానా కూలినప్పుడు నేను ఎట్లా పని చేశానో గుర్తుందా, అట్లా చేశాను. మామా నాన్నగారి దిష్‌దాషా, ఆ పొడుగు అంగీ, మాస్టారు రోజూ తొడుక్కునేదే, గడ్డమూ పెరిగే ఉంది. హాల్లో చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళ మీద దుప్పటి కప్పి, నీలం కళ్ళు కనపడకుండా తడిగుడ్డ కట్టాను. నా తస్బీ ఆయన చేతిలో కుక్కి, గవర్నర్లు, గవర్నర్లు అని చెవిలో చెప్పి గేటు తీశాను.

కొంతమంది మేడ మీదికి పోయారు. ఒక కుర్రవాడు మాత్రం హాల్లో నిలబడ్డాడు, తుపాకి ఆయన వైపే ఉంది. ఎవరు అన్నాడు. ఇంటి యజమానురాలి తండ్రి, పక్షవాతం, కళ్ళకు జబ్బు, మతి లేదు అన్నాను, చనిపోయినాయన కార్డు చూపించాను. మాస్టారు తస్బీ పూసలు తిప్పుతూ గొణుగుతున్నాడు. ఏమంటున్నాడు అన్నాడు వాడు. పెద్దల పేర్లు తలుచుకుంటాడు, పొద్దున్నించీ ఇంతే అన్నాను. వాడు వింటూ నిలబడ్డాడు.

మేడ మీద బీరువాలు విరగ్గొడుతున్న చప్పుడు. ఆయన భయంతో రోజూ కంటే వేగంగా చెప్తున్నాడు. ఆ వరస నాకూ కొంచెం కొంచెం పట్టుబడింది కాబట్టి తెలుస్తోంది, చివరివాళ్ళ దగ్గరికి వచ్చేశాడు. ఇంక ఇద్దరు, ఒక్కరు. గవర్నర్లు అయిపోయారు. ఆయన నోరు ఆగిపోయింది. కుర్రవాడు తల పక్కకు వంచి చూశాడు. తెల్లమనిషి ఇంకొక మాట మాట్లాడితే దొరికిపోతాడు, ఊరికే ఉంటే గుడ్డ తీసి చూస్తారు.

అప్పుడు ఆయన "షహర్‌బాను" అన్నాడు. ఆపకుండా, అదే లయలో, షహర్‌బాను, షహర్‌బాను, షహర్‌బాను.

ఎవరు షహర్‌బాను అన్నాడు వాడు. నేనే అన్నాను. "దాహమైతే నన్ను పిలుస్తాడు. కూతుర్ని కూడా మరిచిపోయాడు, నీళ్ళిచ్చే మనిషి పేరొక్కటే గుర్తుంది."

ఆ కుర్రవాడు తుపాకి దించాడు. మా తాత కూడా ఇంతే, అన్నాడు. మరి నీళ్ళు ఇవ్వు, నిలబడ్డావేం, అని నన్నే కసిరాడు. నేను గ్లాసు పట్టుకుంటే మాస్టారు పళ్ళు దానికి కొట్టుకున్నాయి. వాళ్ళు టీవీ, రేడియో పట్టుకుని పోయారు.

గేటు వేసి వచ్చేసరికి ఆయన కుర్చీ పరుపు కింద నుంచి తన అమెరికా పాస్‌పోర్టు తీస్తున్నాడు. నా ప్రాణం పోయింది. దాని మీదే కూర్చున్నాడు. ఎందుకు చేశారట్లా అంటే మళ్ళీ గవర్నర్ల కథే. ఒకసారి వాళ్ళ రాష్ట్రంలో ముగ్గురు, నేనంటే నేను గవర్నర్ అని కొట్టుకున్నారట, ఒకడు రెండోవాడి ఆఫీసు తాళాలే మార్చేశాడు. ప్రభుత్వ ముద్ర పెట్టే అధికారి చక్రాల కుర్చీ మనిషి. ఎవరు నిజమైనవాడో తేలేదాకా ముద్రను పరుపు కింద పెట్టుకుని దానిమీదే కూర్చున్నాడట.

చిన్నరాజం బండి వచ్చి హారన్ కొట్టింది. నా సంచి గుమ్మం దగ్గరే ఉంది. వాళ్ళు మళ్ళీ వస్తే ఈయన ఎవరి పేరు పిలుస్తాడు, అని ఒక్కటే తోచింది. చిన్నరాజాన్ని పొమ్మన్నాను.

నువ్వు ఈపాటికి అమ్మాన్‌లో ఉంటావు. ఈ ఉత్తరం చేరదని తెలిసీ రాశాను. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా. థర్మామీటరు గవర్నర్ ఎండకు ఆరోగ్యం చెడి కొన్నేళ్ళకే ఇంటికి పోయాడట.

ఆపా

*

అహ్మది,
అక్టోబర్.

ఆపాకు,

నీ ఉత్తరం చేరింది, చిన్నరాజమే తెచ్చి ఇచ్చాడు. నేను ఎక్కడికీ పోలేదు.

మధ్యాహ్నం దాకా పెట్టె మీదే కూర్చున్నాను. చిన్నరాజం ఒక్కడే వచ్చి తల అడ్డంగా ఊపాడు. బస్సు కదులుతుంటే నా గదిలో ఉండే తిమ్మయ్య కిటికీలోంచి చెయ్యి పట్టి లాగాడు. "ఏందిరా బాసితూ, ఎక్కవేంది, సీటు పోతాది" అన్నాడు. "మా ఆపా రాల్యా. నేనెట్ల పోయేదన్నా" అన్నాను. నా సీట్లో ఒక తల్లీ బిడ్డా కూర్చున్నారు. నీ మీద కోపంతో మళ్ళీ గదికి నడిచి పోయాను. కోపం కాదులే.

ఆ కుర్చీ సంగతి చదివి నాకు చెమట పట్టింది. తర్వాత ఆలోచిస్తే, ఆయన ఆ పేరు అనకపోతే నువ్వు ఈ రోజు లేవు, ఆయనా లేడు. మీ మాస్టారుకు నా సలాం చెప్పు. ఇక్కడ మిగిలిన వాళ్ళం సాయంత్రాలు బిక్కుబిక్కుమంటూ కూర్చుంటాం. ముగ్గురు గవర్నర్ల కథ వాళ్ళకు చెప్పాను, ఎక్కడ విన్నానో చెప్పలేదు. తాళాలు మార్చిన దగ్గర అందరూ నవ్వారు. ఇంకా ఉంటే రాసి పంపు, నా దగ్గర సరుకు అయిపోయింది.

ఈసారి నిన్ను రమ్మనను. జాగ్రత్త అని మాత్రం అంటాను.

బాసిత్

*

జాబ్రియా,
డిసెంబర్.

బాసిత్‌కు,

మాస్టారు వెళ్ళిపోయాడు. పరాయి దేశాలవాళ్ళందరినీ వదిలేస్తున్నట్టు పక్కింటివాళ్ళ రేడియోలో చెప్పారు. మామా నమ్మలేదు, ఇది బయటికి రప్పించే ఎత్తు అంది. దాక్కున్న ఇంకొందరు బయటికి వచ్చి విమానం ఎక్కారని చిన్నరాజం చెప్పాకే ఆయన్ని పంపాం.

వెళ్ళే రోజు ఫజర్ వేళ గొణుగుడు వినిపించలేదు. భయపడి తలుపు సందులోంచి చూశాను. గురక పెట్టి నిద్రపోతున్నాడు. గవర్నర్ల అవసరం లేకుండా ఆయన నిద్రపోవడం నేను చూడలేదు. లేపడానికి మనసు రాలేదు.

బయలుదేరే ముందు, మీ నాన్నగారి వరస ఒకసారి చదువు, వింటాను అన్నాడు. షజరా మొత్తం నాకు వచ్చు కదా, వినీ వినీ. నిలబడి చదివాను. చివర అబ్బా తన పేరు చెప్పుకునే చోట, ఈ పెద్దల పుణ్యాన ఈ దీనుడు ఎల్వుడ్ మీద దయ చూపమని చదివాను. మా వరసలో చోటుంది మాస్టారూ అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే ఎటు చూడాలో నాకు తెలియలేదు. నేనూ ఏడ్చాను, ఇందులో దాచేదేముంది.

నా తస్బీ అడిగి తీసుకుపోయాడు. చారెడు మలీదా కట్టిచ్చాను, షుగరు అని గుర్తు చేసి మరీ ఇచ్చాను. ఇల్లు బోసిపోయింది. యుద్ధం వస్తుందంటున్నారు. నువ్వు ఆ బస్సు వదిలి ఎటైనా దాక్కో.

ఆపా

*

అహ్మది,
మార్చి, 1991.

ఆపాకు,

బతికే ఉన్నాను. ఆ మాట ముందు రాయడం నీ దగ్గరే నేర్చుకున్నాను.

జనవరిలో బాంబులు మొదలయ్యాక చిన్నరాజం బండి ఇటు రాలేదు. నాకు ఏమైందో అని నువ్వు ఎంత కుమిలిపోయి ఉంటావో తెలుసు. ఇరాక్‌వాళ్ళు పారిపోయే ముందు ఉత్తరం వైపు బండ్లు నడపడానికి డ్రైవర్లు కావాలని మమ్మల్ని కొంతమందిని పట్టుకుని సామాన్ల గదిలో పెట్టి తాళం వేశారు. బయట చమురు బావులు తగలబెట్టారు. పట్టపగలే ఆకాశం నల్లగా అయిపోయింది, గదిలో ఒకరి ముఖం ఒకరికి కనపడదు. పొగకు దగ్గు. ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. నాకూ బుర్ర పోతున్నట్టు అనిపించింది.

అప్పుడు మీ మాస్టారు గుర్తొచ్చాడు. నువ్వు రాసిన గవర్నర్లను వరసగా చెప్పుకున్నాను. నాకు తెలిసింది ఎంతమంది? బానిసలు వద్దన్నవాడు, గొడుగువాడు, ఓడెక్కినవాడు, తాళాల ముగ్గురు. అంతే. అయిపోయారు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, మళ్ళీ అయిపోయారు. తలుపు అవతల బూట్ల చప్పుడు వస్తూ పోతూ ఉంది.

పేర్లు లేక నీ పేరు చెప్పాను. తాళం వేసినవాళ్ళు మమ్మల్ని మరిచిపోయి పారిపోయేదాకా, కువైట్ కుర్రాళ్ళు వచ్చి తలుపు పగలగొట్టేదాకా అదే చెప్పాను. పుట్టినప్పటి నుంచి నిన్ను పేరు పెట్టి పిలవలేదు. పెద్దదానివి. తప్పయితే క్షమించు.

తమ్ముడు బాసిత్

*

జాబ్రియా,
మార్చి.

బాసిత్‌కు,

తప్పే. అక్కను పేరు పెట్టి పిలిచినవాడికి చెవి మెలిపెట్టాలి, అది ఉత్తరంలో కుదరదు. చిన్నరాజం బండి గురువారం ఇటు తిరిగి వస్తుంది, రొట్టెల మధ్య కూర్చుని వచ్చెయ్యి. ఎక్కడా నెయ్యి లేదు, మామా ఎక్కడి నుంచో కొంచెం సంపాదించింది. మలీదా చేస్తాను. ఫాతెహాలో గవర్నర్ల పేర్లు మంచివాళ్ళవీ చెడ్డవాళ్ళవీ నేను చెప్తాను. చివర నా పేరు నువ్వు చెప్పు.

షహర్‌బాను